మరపడవలు - విడిభాగములు

తెరచాపకు గాలి చాలకున్న పడవ నిలుచును. గాలి తిరిగిన మరల కదలును. యంత్రమున కట్టి యోగము లేదు. అది నిలిచెనేని తనంతట తాను కదలదు. ఎవరో యొకరు దానిని విప్పి, లోపమెచ్చటనో కనుగొని, పాడైన భాగమును తీసి వేరొకదానిని బిగింపవలెను. ఇంత సులభమైన విషయమును మన తీరమున పడవలకు పెట్టుబడి పెట్టువారు పూర్తిగా గ్రహించినట్లు మాకు తోచదు. యంత్రమును కొనిరి గాని దానిని నడిసముద్రమున బ్రతికించుకొను సామగ్రిని కొనరైరి.

1952లో నార్వే దేశముతో జరిగిన ఒడంబడికను బట్టి నేటి కేరళతీరమున నీండకర ప్రాంతమందు మరపడవలతో చేపలు పట్టు పద్ధతి వ్యాపింపసాగెను. పిదప అది తీరమంతటను అల్లుకొనినది. విశాఖపట్టణము, కాకినాడ, నిజాంపట్టణము రేవులయందు నేడు బారులు తీరి నిలిచినవి మరపడవలే. చిన్న ఫైబరు తెప్పకు సైతము మోటారు అమరినది. ఇది మంచిదే. తెడ్డువేసి భుజములు విఱుగగొట్టుకొను కాలమును మరల రమ్మని మేము పిలువము. కాని తెరచాప నాటి జాలరి తన పడవలోని ప్రతి త్రాడును తానే పేనుకొనగలవాడు. చినిగిన చాపను తానే కుట్టుకొనగలవాడు. యంత్రము వచ్చిన పిమ్మట ఆ స్వాతంత్ర్యము పోయినది. పడవ వానిది, సముద్రము వానిది; మరమ్మతు మాత్రము రేవులోని మేస్త్రీది.

మా పాఠకులలో నూనెయింజనుతో చేలకు నీరు తోడించినవారు పెక్కురు కలరు. ఇంజను ఆగినచో వారేమి చేసిరి? పాలేరును బస్తీకి పంపి మెకానిక్కును పిలిపించిరి. వాడు సాయంకాలమునకు వచ్చిన, ఒకపూట తడి తప్పినది. అంతే గదా! బండి కట్టిన రైతు మాత్రము కందెన గొట్టమును, అదనపు చీలను వ్రేలాడదీయక ఊరిపొలిమేర దాటడు. నట్టనడి బాటలో చీల ఊడిన చక్రము ఏమగునో వాడెఱుగును. బండికి చూపిన ముందుచూపు, ఏడెనిమిది మంది ప్రాణములను మోయు పడవకు చూపకుండుట వింత గాదా?

డీజిలు యంత్రము నిలుచుటకు సర్వసాధారణమైన హేతువు ఇంధనములోని మాలిన్యము. తొట్టి అడుగున నీరును మడ్డియు నెలల తరబడి పేరుకొని యుండును. రేవులో నీరు నిలకడగా నున్నంత వఱకు ఆ మడ్డి కదలదు. యంత్రము చక్కగా పలుకును. గాలి లేచి, కెరటములు పడవను పైకెత్తి క్రిందవేయునప్పుడు మడ్డియంతయు కలగి గొట్టములలోనికి పోయి వడపోత డబ్బాను మూయును. అందువలననే యంత్రము నిలువరాని సమయముననే నిలుచుచున్నది! దీనిని మన జాలరులు గంగమ్మ కోపమందురు. అమ్మవారిపై ఈ నింద ఏల? తొట్టి అడుగు కడుగనిది మనము గదా.

ఇట్టి లోపమును చెవితోనే గుర్తింపవచ్చును. బలము తగ్గి, మూలిగి మూలిగి నిలిచినచో ఇంధనమును అనుమానింపవలెను. గేరు వేసినంతనే టక్కున నిలిచినచో పంకాకు వలయో మోకో చుట్టుకొనినదని తలపవలెను. ఆవిరియు మాడువాసనయు వచ్చి నిలిచినచో నీటి పంపునో బెల్టునో చూడవలెను. వడపోత డబ్బాను మార్చిన మాత్రమున పని తీరదు. గొట్టములలో చొరబడిన గాలిని వెడలింపవలెను. డబ్బాపైనున్న చిన్నమరను వదులుచేసి, చేతిపంపును బుడగలు లేని డీజిలు వచ్చునంతవఱకు నొక్కి, మరను బిగింపవలెను. అప్పటికిని పలుకకున్న ఇంజెక్టర్ల వద్ద గొట్టపు బిగింపులను సడలించి, యంత్రమును త్రిప్పుచు గాలిని పోనీయవలెను. తెలిసినవానికి ఇది స్వల్పకాలపు పని. తెలియనివాడు బ్యాటరీ చచ్చునంతవఱకు స్టార్టరు నొక్కుచు కూర్చుండును. ఆపై లోపము దొరకినను యంత్రమును త్రిప్పుటకు శక్తి యుండదు.

సముద్రపునీటిని లోనికి తోడు పంపులో రబ్బరు ఱెక్కల చక్రమొకటి యుండును. నీరందక పొడిగా తిరిగినచో అది నిమిషములలో చినిగిపోవును. సముద్రమున మనము పాఱవేసిన ప్లాస్టిక్ సంచి ఒక్కటి నీటిద్వారమునకు అడ్డుపడిన చాలును. యంత్రము కాగి నిలిచినప్పుడు తొందరపడి దానిపై చన్నీరు పోయరాదు, ఇనుము పగులును. పంకాకు చుట్టిన త్రాటిని కోయుటకు దిగువాడు యంత్రమును పూర్తిగా ఆపి, తాళపుచెవిని తనతో నుంచుకొననిదే నీట కాలు పెట్టరాదు.

అన్నిటికంటె ముందు చేయవలసినది మరమ్మతు కాదు. నీరు లోతు తక్కువయైన చోట లంగరు వేయవలెను. లోతు ఎక్కువైనచో బుట్టలనో వలమూటనో పొడవాటి మోకునకు కట్టి ముందుభాగము నుండి నీటిలో విడువవలెను. అప్పుడు పడవ కెరటమునకు ఎదురుగా నిలుచును. ప్రక్క చూపిన పడవ బోల్తాపడును. ఈ సంగతి మన వృద్ధజాలరులకు పుస్తకములు చెప్పకయే తెలియును. యువకులు యంత్రమును నమ్ముకొని దీనిని మఱచుచున్నారు.

నిలిచిన పడవ ఎచ్చటికి పోవును? మాఘఫాల్గుణములు మొదలు వైశాఖము వఱకు మన తీరము వెంబడి ప్రవాహము ఈశాన్యముగా, ఒడిసా వంగదేశముల వైపు సాగును. కార్తీక మార్గశిరములలో అది తిరిగి నైఋతికి మఱలును. తుపానుల కాలమును అదియే. కనుక నాలుగు రూపాయల రబ్బరు గొట్టము పగిలిన పడవ పరదేశపు జలములలో తేలి, అందలి కూలివాండ్రు చెఱసాలపాలగుట ఊహామాత్రము కాదు. సరిహద్దును నీటిపై ఎవరును గీయలేదు. చుక్కాని చచ్చిన పడవకు అది కనబడనే కనబడదు.

ఇక పెట్టెలో నుండవలసిన వస్తువులను చెప్పెదము. వడపోత డబ్బాలు రెండు, రబ్బరు ఱెక్కల చక్రము, బెల్టు, గొట్టపు ముక్కలు, వానికి తగిన క్లిప్పులు, ఇంజెక్టరు గొట్టమొకటి, రాగి వాషర్లు, ఫ్యూజులు, ఇంజను ఆయిలు, సరియైన కొలతల పానాలు, పదునైన కత్తి, టార్చి. శుభ్రమైన డీజిలును వేరొక డబ్బాలో మూతవేసి యుంచవలెను. పెట్రోలు మోటారు కట్టిన తెప్పకు స్పార్కు ప్లగ్గు, పంకా పిన్ను, లాగు త్రాడు చాలును. రెండు తెడ్లు తప్పనిసరి. విడిభాగము ఆ యంత్రమునకు సరిపోవునో లేదో ఒడ్డుననే ఒకమాఱు బిగించి చూడవలెను. సరిపడని బెల్టును మోసికొనిపోవుట మనస్సునకు తృప్తి నిచ్చునే గాని పడవను నడపదు.

దీని వ్యయమెంత? పడవ విలువలో లెక్కింపదగినది కాదు. మఱి ఏల కొనరు? ఇచ్చటనే అసలు చిక్కున్నది. మరపడవల యజమానులలో సముద్రమునకు పోనివారు పెక్కురు. వేటఖర్చులను మినహాయించి మిగిలిన దానిని యజమానియు కళాసీలును పంచుకొను వాడుక కలదు. విడిభాగములను వేటఖర్చులలో వ్రాసినచో అది కళాసీల వాటాను కోయును; వారు వద్దందురు. యజమాని తన సంచి విప్పడు. ఇద్దఱి నడుమ పెట్టె ఖాళీగా సముద్రమునకు పోవుచున్నది. యంత్రము యజమాని సొత్తు. దాని ప్రాణరక్షణయు ఆయన భారమే. కూలివాని వాటాలో నుండి దానిని కోయుట అన్యాయమని మేము నిర్మొహమాటముగా చెప్పుచున్నాము. మా పాఠకులలో పడవల యజమానులును ఉన్నారని ఎఱిగియే ఈ మాట వ్రాయుచున్నాము.

ప్రభుత్వము డీజిలుపై రాయితీ నిచ్చుచున్నది. సంతోషమే. కాని రాయితీ డీజిలును త్రాగిన యంత్రము నడిసముద్రమున నిలిచిన, వెదకుటకు తీరరక్షకదళపు ఓడలు త్రాగు నూనె ఎంత? లైసెన్సు ఇచ్చునప్పుడు పడవకు రంగును అంకెను చూచు అధికారి ఆ పెట్టెను కూడ తెఱచి చూచుట కష్టము కాదు. రేవు రేవునను సరంగులకు మూడు దినముల శిక్షణ యిచ్చినను చాలును. ఆపదలో తీరరక్షకదళమును పిలుచు 1554 అంకె మంచిదే. తీరము విడిచి కొంత దూరము పోయిన పిమ్మట చేతిఫోను పలుకదని మాత్రము మఱువరాదు. 1977లో దివిసీమ నుండి కాకినాడ వఱకు ఏ జాలరికిని లేని సాధనములు నేడున్నవి. అంతరిక్షసంస్థ రూపొందించిన ఆపత్సూచక యంత్రము ఉపగ్రహము ద్వారా సందేశము పంపును. అయినను సందేశము అందిన పిదప ఓడ వచ్చునంతవఱకు పడవ నిలిచి యుండవలెను గదా.

నదిపై లాంచీల సంగతి మఱింత తీవ్రమైనది. గోదావరి వరదలో చుక్కానికి బలము పంకా త్రోసిన నీటివలననే వచ్చును. యంత్రము ఆగిన మఱుక్షణము సరంగు చేతిలో కఱ్ఱ మాత్రమే మిగులును. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద వరదలో లాంచీ మునిగిన నాడు యంత్రబలముండియు ఆ సుడిలో నది ఏమి చేయగలదో లోకము చూచినది. ఇక యంత్రమే లేనిచో? 2021లో పార్లమెంటు 1917 నాటి శాసనమును త్రోసిపుచ్చి అంతర్దేశీయ నౌకలకు క్రొత్త శాసనము చేసినది. కాగితముపై కొఱత లేదు. రేవులో పెట్టె తెఱచి చూచువాడు కావలెను.

పెద్ద ఓడలకు ఇట్టి బాధ లేదని తలంపవలదు. 2024 మార్చి 26న అమెరికాలోని బాల్టిమోరు రేవున, సుమారు 300 మీటర్ల పొడవుగల డాలీ అను ఓడలో విద్యుత్తు పోయి, అది అదుపు తప్పి వంతెనను గుద్దుకొనగా ఆఱుగురు కూలీలు మరణించిరి. ఆ ఓడ నావికులలో అత్యధికులు భారతీయులే. విచారణలో తేలినదేమి? ఒక తీగెకు చుట్టిన చిన్న పేరుచీటీ అడ్డుపడి, ఆ తీగె సరిగా బిగియకుండుటయే మూలకారణమట! అంత ఓడకే అట్లయినచో, మన ఫైబరు తెప్పలోని తుప్పుపట్టిన తీగెను ఎవరు చూచుచున్నారు?

ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు మన తూర్పుతీరమున మరపడవల వేట నిషిద్ధము. ఆ అఱువది యొక్క దినములును పడవలు రేవులో నుండును, మేస్త్రీలు దొరకుదురు, తొట్టి కడుగవచ్చును, గొట్టములు మార్చవచ్చును, పెట్టె నింపవచ్చును. జూన్ మధ్యలో మొదటి వేటకు బయలుదేరు పడవలను ఒక్క రేవుననైన తనిఖీ చేసి, ఎన్నిటిలో పెట్టె యున్నదో మత్స్యశాఖ ప్రకటింపగోరుచున్నాము. వాడిన భాగమునకు బదులు తిరిగి వచ్చిన దినముననే క్రొత్తది పెట్టవలెను. ఆ పెట్టెకు తాళము వేసినచో దాని చెవి సరంగు మొలత్రాట నుండవలెను గాని, ఒడ్డున యజమాని యింటి గూటిలో కాదు.