గిన్నెల మీద దరువు

పిల్లలూ,

అన్నానికి కూర్చున్నప్పుడు కంచం మీద వేళ్ళతో దరువు వేసే అలవాటు మీలో ఎవరికైనా ఉన్నదా? ఉంటే అమ్మ చేతి మొట్టికాయ కూడా తినే ఉంటారు! ఈ నెల మీకు ఇద్దరు గాయకులను పరిచయం చేస్తాను. ఒకరు మన హైదరాబాదు పాతబస్తీ కుర్రవాడు. రెండవవారు జపాను దేశస్థుడు. ఇద్దరూ తమ పాటలు తామే కట్టుకొని పాడుకునేవారు. ఇద్దరి తండ్రులూ చిన్న దుకాణాలు నడిపినవారే.

ముందుగా ఒక ప్రశ్న. ఒక పాట తయారు కావాలంటే ఎన్ని పనులు జరగాలి? మాటలు వ్రాయాలి. వాటికి వరస కట్టాలి. ఆ తరువాత పాడాలి. సినిమా పాటకు సాధారణంగా ఈ మూడు పనులూ ముగ్గురు చేస్తారు. మాటలూ, వరసా రెండూ ఒక్కరే కడితే అటువంటి వానిని మన పెద్దలు వాగ్గేయకారుడు అన్నారు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు వ్రాసిన 'సంగీత రత్నాకరం' అనే గ్రంథంలో మాటల భాగానికి 'మాతువు' అనీ, సంగీత భాగానికి 'ధాతువు' అనీ పేర్లు ఉన్నవి. అన్నమయ్య, త్యాగయ్య అట్లాంటివారే. పాతబస్తీకి కొద్ది దూరంలోనే ఉన్న గోల్కొండ కోటలో, 17వ శతాబ్దంలో, తానీషా ఖైదులో ఉండి కీర్తనలు కట్టిన కంచర్ల గోపన్న, అంటే మన భద్రాచల రామదాసు, కూడా అట్లాంటివాడే. ఈ కాలంలోనూ ఉన్నారు. తన పాటలు తానే కట్టి, తానే పాడే గోరటి వెంకన్నగారికి 'వల్లంకి తాళం' అనే పుస్తకానికి 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

ఇక మన పాతబస్తీ కుర్రవాని సంగతి. పేరు రాహుల్ సిప్లిగంజ్. 1989లో పుట్టాడు. తండ్రికి క్షౌరశాల ఉండేది. పిల్లవాడు ఇంట్లో గిన్నెలు ముందు పెట్టుకొని, వాటి మీద దరువు వేస్తూ జానపద గీతాలు పాడేవాడు. తండ్రి అది విన్నాడు. గిన్నెలు లాక్కోలేదు. పిల్లవాణ్ణి తీసుకుపోయి పండిత్ విఠల్ రావుగారి దగ్గర విడిచిపెట్టాడు.

విఠల్ రావుగారు సామాన్యులు కారు. ఏడవ నిజాము కుమారుడు మొఅజ్జం జా దర్బారులో గజళ్ళు పాడిన విద్వాంసులు. 2015లో కాలం చేశారు. గజల్ అంటే మీకు తెలుసా? రెండేసి పంక్తుల పద్యాలను దండలాగా గుచ్చితే గజల్ అవుతుంది. ప్రతి రెండు పంక్తులలోనూ ఒక పూర్తి భావం ఇమిడి ఉండాలి. ప్రతి పద్యం చివరా ఒకే మాట తిరిగి తిరిగి వస్తుంది. పాడేవాడు మాటను నమిలి మింగితే కుదరదు. ఒక్కొక్క అక్షరాన్నీ ముత్యంలాగా పలకాలి. గిన్నెల మీద దరువు వేసే కుర్రవానికి ఇది ఎంత కష్టమో ఊహించండి! అయినా రాహుల్ ఏడు సంవత్సరాలు ఆ గురువుగారి దగ్గర నేర్చుకున్నాడు. నేర్చుకుంటూనే నాన్నకు క్షౌరశాలలో సాయం చేసేవాడు.

2009లో 'జోష్' చిత్రంలో అతనికి పాడే అవకాశం వచ్చింది. సినిమాలలో పాడుతూనే, సొంతంగా పాటలు కట్టి యూట్యూబులో పెట్టసాగాడు. ఆ పాటలలో పాతబస్తీ గల్లీ భాష ఉంటుంది. గణేశుని పండుగ ఉంటుంది. మర్ఫా దరువు వినబడుతుంది. మర్ఫా సంగతి పాతబస్తీ పిల్లలకు చెప్పనక్కరలేదు. నిజాముల కాలంలో సైన్యంలో చేరటానికి అరబ్బు దేశం నుంచీ, ఆఫ్రికా నుంచీ వచ్చినవాళ్ళు తెచ్చిన వాద్యం అది. ఇప్పుడు పెళ్ళి ఏ మతం వారిదైనా ఊరేగింపులో మర్ఫా మోగవలసిందే. అందులో 'తీన్‌మార్' అనే దరువు ఉన్నది. తీన్ అంటే మూడు. మార్ అంటే దెబ్బ.

'ఆర్ ఆర్ ఆర్' చిత్రంలోని 'నాటు నాటు' పాట మీరందరూ వినే ఉంటారు. దాని మాటలు చంద్రబోస్‌గారివి, వరస కీరవాణిగారిది. పాడినవారు రాహుల్, కాలభైరవ. 2023 మార్చిలో ఆ పాటకు ఆస్కార్ బహుమతి వచ్చినప్పుడు, అమెరికాలోని లాస్ ఏంజిల్స్ నగరంలో ఆ వేదిక మీదనే వీరిద్దరూ దాన్ని పాడారు.

ఆ చిత్రం 2022 అక్టోబరులో జపానులో విడుదలైంది. అంతకు ముందు ఏ భారతీయ చిత్రానికీ అక్కడ అంత డబ్బు వసూలు కాలేదు. తెలుగు ముక్క రాని జపాను పిల్లలు కూడా ఆ పాటకు గంతులు వేశారు. మరి మనం వారి పాట ఒకటైనా విన్నామా? అందుకే ఆ దేశపు గాయకుని సంగతి కూడా చెబుతాను.

ఆయన పేరు ఫుజీ కాజే. మనలాగే జపాను వారు కూడా ఇంటిపేరు ముందు చెప్పుకుంటారు. కాజే అంటే జపాను భాషలో గాలి. 1997లో, ఒకయామా ప్రాంతంలోని సతొషో అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రికి కాఫీ దుకాణం ఉండేది. ఆయనే పిల్లవానికి పియానో నేర్పాడు. కాజేకు పన్నెండేళ్ళు వచ్చేసరికి, 2010లో, తాను పియానో వాయించే దృశ్యాలను యూట్యూబులో పెట్టటం మొదలుపెట్టాడు. పదేళ్ళు గడిచిన తరువాత, 2020లో, తాను స్వయంగా కట్టిన పాటలతో మొదటి సంపుటం తెచ్చాడు. దాని పేరు 'హెల్ప్ ఎవర్ హర్ట్ నెవర్'. ఎల్లప్పుడూ సాయం చెయ్యి, ఎన్నడూ నొప్పించకు అని దాని అర్థం. ఈ మాట ఎక్కడిదో తెలుసా? మన పుట్టపర్తి సత్యసాయిబాబా బోధలలోనిది. 2022లో వచ్చిన రెండవ సంపుటం పేరు 'లవ్ ఆల్ సర్వ్ ఆల్' కూడా ఆయన మాటే. చూచారా, పుట్టపర్తి మాట జపాను పాటల పెట్టెకు పేరయింది!

2021 సెప్టెంబరులో కాజే యొకొహామా నగరంలోని నిస్సాన్ క్రీడాస్థలంలో పాడాడు. అందులో డెబ్బై వేల మందికి పైగా కూర్చోవచ్చు. కాని అది కోవిడ్ కాలం గనుక ఒక్క శ్రోత కూడా లోపల లేడు. విశాలమైన ఆ పచ్చిక మధ్య ఒక పియానో, ఒక మనిషి. పైన వాన. తడుస్తూనే పాడాడు. జనమంతా ఇళ్ళలో కూర్చొని, డబ్బు చెల్లించకుండా యూట్యూబులో విన్నారు.

ఇప్పుడు నా సంగతి కూడా ఒకటి చెప్పాలి. చెప్పటానికి సిగ్గుగానే ఉన్నది.

నేను పాతబస్తీలో ఉపాధ్యాయుడుగా ఉన్న రోజులలో ఏడవ తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. లెక్కల గంటలో టిఫిను డబ్బా మీద తీన్‌మార్ వేసేవాడు. రెండుసార్లు మందలించాను. మూడవసారి డబ్బా లాక్కొని, వాణ్ణి బెంచీ ఎక్కించి, తండ్రిని పిలిపించాను. అంతే, వాడు మళ్ళీ దరువు వేయలేదు. నేను గెలిచాననుకున్నాను.

ఇరవై ఏళ్ళు గడిచాయి. ఒకనాడు లాడ్ బజారులో నడిచిపోతుంటే గాజుల దుకాణంలో నుంచి ఒకతను లేచి వచ్చి నమస్కారం చేశాడు. వాడే! కుర్చీ వేసి, చాయ్ తెప్పించాడు. మాటల మధ్య, "ఏం నాయనా, ఇంకా దరువు వేస్తున్నావా?" అని నవ్వుతూ అడిగాను. "లేదు సార్. మీరు మాన్పించారు గదా!" అన్నాడు, వాడూ నవ్వుతూనే. ఆ మాటలో నిష్ఠూరం లేదు. కాని ఆ చాయ్ నాకు రుచించలేదు.

లెక్కల గంటలో దరువు వేయటం తప్పే. దాన్ని ఆపటం నా పనే. కాని సాయంత్రం బడి వదిలిన తరువాత వాణ్ణి పిలిచి, "ఏదీ, ఇప్పుడు వెయ్యి, వింటాను" అనటం కూడా నా పనే. ఆ రెండవ పని నేను చేయలేదు. వాడు గొప్ప వాద్యగాడు అయి ఉండేవాడో కాదో నాకు తెలియదు. తెలుసుకొనే అవకాశం నేనే పోగొట్టాను. క్షౌరశాల నడిపే ఆ తండ్రికీ, కాఫీ దుకాణం నడిపే ఆ తండ్రికీ నాలాగా బి.ఎడ్. పట్టా లేదేమో గాని, పిల్లవాని చప్పుడును చెవి ఒగ్గి వినటం వారికి తెలుసు.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. ఇంట్లో చప్పుడు వినబడితే "ఆపు!" అనే ముందు ఒక్క నిమిషం వినండి. ఆ తరువాత చదువు వేళ ఏదో, పాట వేళ ఏదో మీరే నిర్ణయించండి.

పిల్లలూ, మీకూ ఒక మాట. రాహుల్ ఏడేళ్ళు గురువు ముందు కూర్చున్నాడు. కాజే పదేళ్ళు పియానో వాయిస్తూ సొంత సంపుటం దాకా వచ్చాడు. యూట్యూబులో మనం చూచేది నాలుగు నిమిషాలే. దాని వెనుక ఉన్న సంవత్సరాలు అందులో కనబడవు.

ఇక ఈ నెల పని. బల్ల మీద వేళ్ళతో 'తకిట తకిట' అని వేయండి. మూడూ మూడూ ఆరు. 'నాటు నాటు' నడిచేది ఈ ఆరు దెబ్బల మీదనే. దరువు ఆపకుండా, మీ వీధి గురించి రెండు పంక్తులు సొంతంగా కట్టి, ఆ నడకలో పాడండి. మాట దరువులో ఇమడకపోతే మాట మార్చండి. దరువు మాత్రం తప్పవద్దు. రెండు పంక్తులూ కుదిరితే ఇంట్లో పెద్దలకు వినిపించండి.

లెక్కల గంటలో మాత్రం వద్దు సుమా!