లైసెన్సు పీకండి, కూడు పీకొద్దు

తాగి బండి తోలేవాళ్ల మీద నాకు జాలి లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నా. లేకుంటే ఈ భాగం సగం చదివి "అన్న తాగుబోతుల పక్షం చేరినాడు" అనేవాళ్లు మనలోనే ఉన్నారు. పూతలపట్టు–నాయుడుపేట రోడ్డు పొడవునా రోడ్డును ఆనుకొని మన కాలనీలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. తెల్లారుజామున పాల క్యాను పట్టుకొని ఆ రోడ్డు దాటేది, పొద్దుగూకినాక కూలి నుంచి అంచున నడుచుకుంటా వచ్చేది, ఆటోలో పదిమంది ఇరుక్కొని పోయేది మన ఆడోళ్లే. కారులో పోయేవాడికి ఎయిర్‌బ్యాగు ఉంటాది. వీళ్లకు ఒంటిమీద చీర తప్ప అడ్డం ఏముంది? తాగినోడి బండికి మొదట దొరికేది మనమే. కాబట్టి ఫైను వేయండి, లైసెన్సు పీకండి, జైలుకు పంపాల్సి వస్తే పంపండి.

నా గొడవంతా దాని తర్వాత వచ్చే మాటతోనే. "పట్టుబడితే ఉద్యోగం కూడా పీకేయాల" అంటున్నారు. మొన్న ఎస్వీ యూనివర్సిటీలో చదివే తమ్ముళ్లు కూడా అదే అన్నారు. 2025 అక్టోబర్ 24న కర్నూలు కాడ చిన్నటేకూరులో బస్సు కాలిపోయి 19 మంది ప్రయాణికులు చనిపోయినారు. రోడ్డు మీద పడిన బైకును ఆ బస్సు ఈడ్చుకుపోయింది, ఆ బైకు తోలినోడు తాగి ఉన్నాడని తేలింది. ఆ తర్వాత హైదరాబాద్ పోలీస్ కమిషనర్ సజ్జనార్ తాగి నడిపేవాళ్లను టెర్రరిస్టులు అన్నారు. ఆ కోపం నాకు అర్థమవుతాది. కానీ ఒక మనిషికి టెర్రరిస్టు అని పేరు పెట్టేసినాక వాడి జీతం, వాడి పిల్లల ఫీజు గురించి మాట్లాడేదెవరు?

చట్టం ఏం చెప్తుందో చూద్దాం. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉంటే నేరం. మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 ఫైను, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా, 15,000. 2019లో పార్లమెంటు ఈ ఫైన్లను ఐదింతలు చేసింది. అంతగా కూర్చొని ఆలోచించిన పార్లమెంటు కూడా "ఉద్యోగం పీకేయండి" అని ఆ సెక్షన్లో రాయలేదు. 202వ సెక్షన్ ఇంకో మాట చెప్తుంది. ఇట్లా అరెస్టు చేసిన మనిషికి రెండు గంటల్లోపు డాక్టరు చేత పరీక్ష చేయించాల, చేయించకుంటే వదిలేయాల. ఈ సంగతి మన కాలనీల్లో ఎంతమందికి తెలుసు? అరెస్టు అంటే పోలీసు అనుమానం, అంతే. 1971లోనే సుప్రీంకోర్టు బచ్చుభాయ్ కేసులో వాసన వచ్చింది, నడక తూలింది అన్నంత మాత్రాన, రక్తమో మూత్రమో పరీక్ష చేయకుండా, తాగి నడిపినాడని తేల్చలేమని చెప్పింది.

పర్మినెంటు ఉద్యోగికి రాజ్యాంగం 311వ అధికరణం గొడుగు మాదిరి ఉంది. విచారణ జరపకుండా, వాడి మాట వినకుండా పీకేదానికి లేదు. కోర్టులో శిక్ష పడితే విచారణ లేకుండా తీసేయొచ్చు, ఆ మినహాయింపు కూడా శిక్ష పడినాకే, అరెస్టుకు కాదు. 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే సస్పెన్షన్ అంటారు మన రాష్ట్ర సీసీఏ రూల్సు. సస్పెన్షన్లో జీవన భృతి వస్తాది. ఆ మెట్లన్నీ బాగున్నాయి, నాకు పేచీ లేదు. ఆ మెట్లు ఎవరి ఇంటి ముందు కట్టినారు అన్నదే నా ప్రశ్న.

నాకు తెలిసిన ఒక పిల్లోడున్నాడు. పేరు రాయను, ఊరు కూడా రాయను. ఒక మున్సిపాలిటీలో చెత్త ట్రాక్టరు వెనక ఎక్కి బుట్టలు దించే పని, అవుట్‌సోర్సింగు. స్టీరింగు ముట్టేది కూడా లేదు. ఒక ఆదివారం రాత్రి మేనమామ పెద్దకర్మ నుంచి సొంత బైకు మీద వస్తా దొరికినాడు. తప్పే. కోర్టుకు పోయినాడు, పెండ్లాం కమ్మలు తాకట్టు పెట్టి ఫైను కట్టినాడు. మూడో రోజు మేస్త్రీ ఫోను చేసి "రేపట్నించి రావద్దప్పా" అన్నాడు. కాగితం లేదు, నోటీసు లేదు, ఎవరు తీసేసినారో తెలీదు. ఆఫీసులో అడిగితే కాంట్రాక్టరును అడగమంటారు, కాంట్రాక్టరును అడిగితే ఆఫీసు వాళ్లు చెప్పినారంటాడు. కోర్టు వేసిన శిక్ష పది వేలు. ఆ ఫోను వేసిన శిక్ష ఎంతో ఏ జడ్జీ లెక్క కట్టలేదు.

ఇప్పుడు ఒక ఐఏఎస్ సంగతి. 2019 ఆగస్టు 3 అర్ధరాత్రి దాటినాక తిరువనంతపురంలో శ్రీరామ్ వెంకిటరామన్ కారు గుద్ది కె.ఎం. బషీర్ అనే జర్నలిస్టు చనిపోయినాడు. రక్తం నమూనా తీసింది గంటలు గంటలు గడిచినాక. తీరా చూస్తే మద్యం ఆనవాలు లేదన్నారు. సస్పెండ్ చేసినారు, 2020 మార్చిలో ఆరోగ్యశాఖలో మళ్లీ చేర్చుకున్నారు, 2022లో ఆలప్పుళ కలెక్టరును చేసినారు. జనం రోడ్డెక్కినాకే ఆ కుర్చీ నుంచి పౌరసరఫరాలకు మార్చినారు. ఆయన తాగి నడిపినాడని నేను తీర్పు ఇవ్వను, ఆ పని కోర్టుది. ఆయనకు "విచారణ తేలేదాకా ఆగండి" అన్న నోళ్లు చెత్త బుట్టలు దించే పిల్లోడి కాడ ఎందుకు మూసుకుంటాయి, అది అడుగుతున్నా. నిచ్చెనలో ఒక్కో మెట్టుకు ఒక్కో న్యాయం అని అంబేడ్కర్ మనకు నేర్పిన పాఠం సర్వీసు రూల్సులోనూ కనబడుతుంది, చూసే కన్నుండాల.

బండి తోలడమే ఉద్యోగమైన వాళ్ల సంగతి వేరే. తిరుమల ఘాటు రోడ్డులో యాభై ప్రాణాలు ఒక మనిషి చేతుల్లో ఉంటాయి. డ్యూటీకి ముందు ఊదించాల్సిందే, తేడా వస్తే బస్సు ఇవ్వకూడదు. కుంభమేళా డ్యూటీకి జవాన్లను తీసుకుపోతూ తాగి జీపును గుద్దిన యూపీ పీఏసీ డ్రైవరు కేసులో 2022లో సుప్రీంకోర్టు, ఎవరూ చావకపోవడం అదృష్టమే గానీ అది దయ చూపేదానికి కారణం కాదంది. సరైన మాట. అదే తీర్పులో డిస్మిస్‌ను నిర్బంధ పదవీ విరమణగా మార్చి, అప్పటికే చనిపోయిన ఆ మనిషి కుటుంబానికి రావాల్సినవి రానిచ్చింది. ఇట్లాంటి మధ్యదారి మనకాడ ఎవరికి దొరుకుతాది? 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ డ్రైవరు ప్రభుత్వ ఉద్యోగి. 2022లో అలిపిరి డిపోకు వచ్చిన ఎలక్ట్రిక్ బస్సుల డ్రైవరు కంపెనీ మనిషి. ఒకే కొండ, ఒకే మలుపులు. ఒకడికి చార్జిషీటు, ఇంకొకడికి గేటు.

మా కాలనీలో ఒక అక్క నాతో కొట్లాడింది. "ఉద్యోగం పోతేనన్నా వాడికి బుద్ధి వస్తాది, నువ్వు అడ్డం పడొద్దు" అనింది. ఆ అక్క మాటను నేను తేలిగ్గా తీసేయను, తాగినోడితో కాపురం చేసేది ఆమె, నేను కాదు. కానీ దూబగుంట ఆడోళ్లు మూయమన్నది సారా కొట్టును. 1993 అక్టోబర్లో సారా పోయింది, 1995లో మద్యం పోయింది, 1997లో మద్యం మళ్లీ వచ్చింది. 2019 నుంచి ఐదేళ్లు సర్కారే కౌంటర్లో కూర్చొని అమ్మింది. 2024 అక్టోబర్లో 3,396 ప్రైవేటు షాపులకు లాటరీ తీసి, క్వార్టరు 99 రూపాయలకు ఇస్తామని గొప్పగా చెప్పుకున్నారు. మరుసటి ఏడాది అక్టోబర్లో మన పాత చిత్తూరు జిల్లా ములకలచెరువులోనే నకిలీ మద్యం తయారీ కేంద్రం బయటపడింది. అమ్మినోడికి లైసెన్సు, తాగినోడికి పింక్ స్లిప్పా? ఉద్యోగం పోయినోడు తాగడం మానినట్టు నేను మా కాలనీలో ఇంతవరకూ చూడలేదు. ఆ అక్క రెండిళ్లలో పాచి పనికి పోవడం మాత్రం చూస్తున్నా.

ఏర్పేడు గుర్తుందా? 2017 ఏప్రిల్ 21న ఇసుక దోపిడీ మీద ఫిర్యాదు చేసేదానికి మునగలపాళెం రైతులు పోలీస్ స్టేషన్ ముందుకు వస్తే లారీ వాళ్ల మీదికి దూసుకొచ్చింది, పదిహేను మంది దాకా పోయినారు. డ్రైవరు తాగి ఉన్నాడన్నదే మరుసటి రోజు పెద్ద వార్త. తాగి ఉంటే వాడికి శిక్ష పడాల్సిందే. కానీ ఆ రైతులు ఎందుకు ఆడికి వచ్చినారో, ఆ ఇసుక ఎవరిదో, ఆ ప్రశ్న మెల్లగా పక్కకు పోయింది. తాగుబోతు దొరికితే అందరికీ హాయి.

చివరగా ఉద్యోగాలకు అప్లై చేసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట, ఇది మీ సొంత పని. అటెస్టేషన్ ఫారంలో "ఎప్పుడైనా అరెస్టయినారా, కేసు ఉందా" అని అడుగుతారు. ధర్నా కేసయినా, డ్రంక్ అండ్ డ్రైవ్ అయినా, దాచొద్దు. దాచినందుకు ఉద్యోగం పోయినవాళ్లు ఉన్నారు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, చిన్న వయసులో నినాదాలు ఇచ్చిన కేసుల మాదిరి చిన్నాచితకా వాటిని దాచినా యజమాని మన్నించొచ్చని చెప్పింది. మన్నించొచ్చు అనింది, మన్నించాల అనలేదు, తేడా గమనించండి. ఉన్నది ఉన్నట్టు రాసి, కేసు నంబరు, తీర్పు కాపీ జతచేయండి. అవుట్‌సోర్సింగులో ఉన్న మీ అన్నకో నాయనకో "రేపట్నించి రావద్దు" అని ఫోను వస్తే, మరుసటి రోజు పొద్దున్నే టైముకు పనికాడికి పోయి నిలబడమనండి. రానీయకుంటే "రానీయలేదు" అని తేదీ వేసి అర్జీ రాసి, ఆఫీసులో ఒక కాపీ ఇచ్చి, ఇంకో కాపీ మీద ముద్ర వేయించుకోండి. ముద్ర వేయమంటే స్పీడ్ పోస్టులో పంపండి. ఆ రసీదు పారేయొద్దు.

జై భీమ్. వచ్చే భాగంలో అవుట్‌సోర్సింగు జీతాల్లో పీఎఫ్ కోతల లెక్క.