రాసిద్దాం! రసీదు తీసుకుందాం!



వాన పడి మోరీ పొంగిందంటే ప్రతి గల్లీలో ఒక్కటే మాట: "బల్దియావాళ్లకు చెప్పినం, ఎవ్వరూ రాలే." ఎవరికి చెప్పినం? ఎప్పుడు చెప్పినం? ఏ కాగితం మీద? జవాబు ఉండదు. నోటిమాటకు ఫైలు పుట్టదు. ఫైలు లేని పనికి అంచనా వేయరు, అంచనా లేని పనికి పైసలు రావు. మీది కరీంనగర్ కిసాన్‌నగర్ అయినా, కట్టరాంపూర్ అయినా, ఆదిలాబాద్ భుక్తాపూర్ అయినా ముందు మార్చుకోవాల్సిన అలవాటు ఇదే.

నిలిచిన మురుగులో పెరిగే క్యూలెక్స్ దోమ బోదకాలు అంటిస్తుంది. ఆ జబ్బు మన కరీంనగర్ పెద్దలకు బాగా ఎరుకే. మూత లేని నాలా అయితే ప్రాణమే తీస్తుంది. 2020 సెప్టెంబరులో హైదరాబాద్ నేరేడ్‌మెట్‌లో సైకిల్ మీద బయటికొచ్చిన 12 ఏళ్ల పాప, 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో పాలకని పోయిన చిన్నారి, ఇద్దరూ నాలాల్లో పడి చనిపోయారు. మీ గల్లీలో పగిలిన మూత కనబడితే ఈ కాగితం చదవడం ఆపండి. ముందు పోయి దాని చుట్టూ అడ్డం పెట్టండి.

మోరీ బాగు చేయమంటే "పైసలు లేవు" అన్న జవాబు మీరూ వినే ఉంటారు. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణవాసులు కూడా విన్నారు. ఇండ్ల ముంగట పారే మురుగు మీద వాళ్లు మేజిస్ట్రేటు దగ్గరికి పోయారు. తెలిసి తెలిసే అక్కడ ఇండ్లు కట్టుకున్నారని, తమ దగ్గర నిధులు లేవని మున్సిపాలిటీ సుప్రీంకోర్టు దాకా కొట్లాడింది. 1980 జులైలో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ రెండు వాదనలనూ తోసిపుచ్చి, మురుగు తొలగించడం మున్సిపాలిటీ తప్పించుకోలేని బాధ్యత అని తీర్పు ఇచ్చారు. వాళ్లు వాడుకున్న అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్ ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్ అయింది. దాని కింద మన ఆర్డీవోకు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంత బలం చేతిలో ఉండి బతిమాలుకుంటూ తిరగడం ఎందుకు?

దరఖాస్తు గట్టిగా ఉండాలి. "మా వాడలో మోరీలు బాగా లేవు" అని రాస్తే ఎవరూ కదలరు. ఏ ఇంటి నంబరు నుంచి ఏ ఇంటి నంబరు దాకా, దగ్గర్లో కరెంటు స్తంభం నంబరు ఎంత, ఎన్ని గజాలు, ఎన్నాళ్ల నుంచి అన్నది రాయండి. పూడిక నిండితే అది శానిటరీ ఇన్‌స్పెక్టర్ పని. గోడ పగిలినా, వాలు లేక నీళ్లు వెనక్కి తన్నినా, కల్వర్టు ఇరుకైనా ఇంజినీరింగ్ విభాగం పని. రెండూ ఒకే కాగితంలో కలిపితే ఆ కాగితం రెండు బల్లల నడుమ తిరుగుతూనే ఉంటుంది. అందుకే వేర్వేరుగా రాయండి. రెండు ప్రతులు తీసుకపోయి ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకొనే బయటికి రండి. పని కాకపోతే అదే నంబరుతో సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి పోదాం.

పని అయిందని చెప్పినా అక్కడితో వదలొద్దు. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అంచనా, ఎం-బుక్ (పని కొలతల పుస్తకం), బిల్లుల నకళ్లు అడగవచ్చు. 30 రోజుల్లో ఇవ్వాలి. పనిని కళ్లారా తనిఖీ చేసి, వాడిన సామాను నమూనా తీసుకొనే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది. సిమెంటు ఎంత పోసిండ్రో చూసే వాడకట్టులో పని తీరు వేరేగా ఉంటుంది.

ఒక్కటి మాత్రం మరవద్దు. తొందరపడి సఫాయి కార్మికుణ్ని మ్యాన్‌హోల్‌లోకి దిగమని ఎవరూ అనవద్దు. మాన్యువల్ స్కావెంజింగ్‌ను నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపడం నేరం. యంత్రమే అడగండి. మన మోరీ కోసం ఇంకో ఇంట్లో ఏడుపు పుట్టొద్దు.

గేటు ముందర మోరీ మీద సిమెంటు ర్యాంపు పోసుకున్న ఇండ్లు చాలా ఉన్నాయి. దాని కింద పార ఆడదు, పూడిక తీయరాదు. తీసిపెట్టే పలకలుగా మార్చుకోమని ఇంటింటికీ పోయి చెబుదాం. చెత్త కవర్లు మోరీలో వేసే చేతులను కూడా మనమే ఆపాలి.

వచ్చే ఆదివారం పొద్దున ఏడు గంటలకు మీ గల్లీ మలుపు దగ్గరికి రండి. ఒక నోట్‌బుక్, కొలిచే టేపు, ఫోటో తీసే ఫోన్ ఉంటే చాలు. ఆడవాళ్లు తప్పక రావాలి. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో అందరికన్నా వాళ్లకే బాగా తెలుసు. గల్లీ మొత్తం తిరిగి రాసుకుందాం, అక్కడే సంతకాలు పెడదాం, సోమవారం పదింటికి బల్దియా ఆఫీసు గేటు దగ్గర కలుద్దాం.

ఇట్లు
మీ వాడకట్టు వాళ్లం