బెల్-2 డిటెక్టర్: తాకిడులు పెరిగేకొద్దీ ముప్పు

జపాన్‌లోని సుకుబాలో ఉన్న సూపర్‌కేఈకేబీ యాక్సిలరేటర్‌కు, దాని ముందుతరం యంత్రం సాధించిన గరిష్ఠ తాకిడి రేటుకు సుమారు 30 రెట్లు లక్ష్యంగా నిర్దేశించారు. 2024 డిసెంబరు నాటికి అందుకున్నది దాదాపు రెండున్నర రెట్లే.

ఇది యంత్రం సమస్య మాత్రమే కాదు. ఎలక్ట్రాన్, పాజిట్రాన్ పుంజాలను నానోమీటర్ల మందానికి కుదించి ఎదురెదురుగా పంపితే తాకిడులు పెరుగుతాయి. దారితప్పిన కణాలూ అంతే జోరుగా బెల్-2 డిటెక్టర్‌లోని సిలికాన్ సెన్సర్లపై పడతాయి. ఆ రద్దీలో పరిశోధకులు వెతికే బి-మీసాన్ల జాడను పట్టుకోవడం కష్టమవుతుంది.

2022 మధ్యలో యంత్రాన్ని ఆపి, పూర్తిస్థాయి రెండు పొరల పిక్సెల్ డిటెక్టర్‌ను అమర్చారు. 2024 ఆరంభంలో ప్రయోగం మళ్లీ మొదలైంది. కొద్ది నెలలకే పుంజం హఠాత్తుగా చెదిరి, అందులో కొంత భాగం దెబ్బతింది. మిగిలినదాన్ని కాపాడేందుకు పిక్సెల్ డిటెక్టర్‌ను ఆపివేయవలసి వచ్చింది. కొత్త పరికరం తెచ్చి గుడ్డ కప్పి ఉంచినట్టయింది.

మొత్తం 6 సిలికాన్ పొరల్లో నాలుగోదాన్ని కూర్చింది ముంబయిలోని టీఐఎఫ్ఆర్ బృందం. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ కూడా ఈ ప్రయోగంలో సభ్య సంస్థ. వచ్చే దశాబ్దంలో ఈ 6 పొరలనూ కొత్తతరం పిక్సెల్ చిప్‌లతో మార్చాలన్న ప్రతిపాదన ఉంది. భారత సంస్థలు విశ్లేషణకే పరిమితమవుతాయా, తయారీలోనూ నిలుస్తాయా అన్నది అప్పుడు తేలుతుంది. నాలుగో పొరను కూర్చిన నైపుణ్యం అప్పటివరకు నిలవాలంటే నిధుల నిర్ణయం మాత్రం ముందుగానే జరగాలి.