మీట నొక్కినా మేలుకోని కంప్యూటరు

పిల్లలూ! నిన్నటిదాకా చక్కగా పనిచేసిన బల్లమీది కంప్యూటరు ఈవేళ మీట నొక్కితే ఉలకదు, పలకదు అనుకోండి. ఇంట్లోవాళ్ళు ఏం చేస్తారు? ఒకరు మీటను పదిసార్లు నొక్కుతారు. ఇంకొకరు పెట్టెమీద అరచేత్తో చరుస్తారు. మూడోవారు, "ఇది పాతబడింది, కొత్తది కొనాలి" అని తేల్చేస్తారు. దానికి ఏం జబ్బు చేసిందో మాత్రం ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

పొలానికి నీరు అందకపోతే రైతు ఏం చేస్తాడో ఎప్పుడైనా చూశారా? మడి గట్టున కూర్చుని దిగులుపడడు. పార భుజాన వేసుకుని తిన్నగా తూము దగ్గరికి పోతాడు. అక్కడ నీరు ఉంటే, కాలువ వెంట నడుచుకుంటూ వెనక్కు వస్తాడు. నీరు ఎక్కడిదాకా వచ్చిందో, ఎక్కడ ఆగిందో, ఆ రెంటి మధ్యనే గండి ఉంటుంది. కంప్యూటరు విషయంలోనూ మనం చేయవలసింది ఇదే. దాని తూము గోడకున్న సాకెట్టు.

ఆ సాకెట్టులో టేబుల్ లైటు పెట్టి చూడండి. వెలిగితే గోడదాకా కరెంటు ఉన్నట్టే. తరువాత ఎక్స్‌టెన్షన్ బోర్డు. ఆ లైటునే దానిలోనూ పెట్టి చూడండి. మధ్యలో యు.పి.ఎస్. ఉంటే దాన్ని తప్పించి, తీగను గోడకే తగిలించండి. ఇక పెట్టె వెనకవైపు దూర్చే లావుపాటి తీగ. ఇల్లు ఊడ్చేటప్పుడు చీపురు తగిలి అది సగం ఊడి ఉండవచ్చు. దాని పక్కనే చాలా పెట్టెలకు ఒక చిన్న స్విచ్చి, దానిమీద ఒక గీత, ఒక సున్న ఉంటాయి. గీతవైపు నొక్కి ఉంటే కరెంటు లోపలికి వెళుతుంది, సున్నవైపు ఉంటే వెళ్ళదు.

లోపల కరెంటు మొదట ఒక ఇనపడబ్బాలో ప్రవేశిస్తుంది. మెకానిక్కులు దాన్ని ఎస్.ఎం.పి.ఎస్. అంటారు. మన ఇళ్ళకు వచ్చే 230 వోల్టులను అది 12, 5, 3.3 వోల్టులుగా దించి, ఏ భాగానికి కావలసింది ఆ భాగానికి పంచుతుంది. ఈ డబ్బాను మాత్రం మీరు గాని, మీ నాన్నగారు గాని విప్పకూడదు. తీగ ఊడదీసిన తరువాత కూడా దానిలోని కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుంది, అది ప్రమాదకరం. ఫ్యాను తిరగక, ఏ దీపమూ వెలగకపోతే మొదటి అనుమానం దీనిమీదనే. మెకానిక్కు పరీక్షించి, చెడితే దీన్నొక్కదాన్నే మారుస్తాడు. కంప్యూటరంతా మార్చనక్కరలేదు.

ఇక్కడొక తమాషా ఉంది. పెట్టె ముందున్న మీట దీపం స్విచ్చి వంటిది కాదు, గుమ్మం దగ్గరి కాలింగ్ బెల్లు వంటిది. దాన్ని నొక్కితే "లే" అని మదర్‌బోర్డుకు కబురు అందుతుంది, అంతే. కంప్యూటరు నిద్రపోయినా, తీగలో కరెంటు ఉన్నంతసేపూ లోపల 5 వోల్టులు మేలుకునే ఉంటాయి. మూత తీసేముందు తీగ ఊడబెరకాలనేది అందుకే.

ఫ్యాను తిరుగుతూ తెర మాత్రం నల్లగా ఉంటే కథ వేరు. ప్రాణం ఉంది, మాట లేదన్నమాట. ముందుగా తెరనే అనుమానించండి. దాని కరెంటు తీగ దానికి వేరే ఉంది. పెట్టెనుంచి బొమ్మను తెచ్చే కేబులు రెండు కొసలా బిగిసి ఉందా?

తెర తప్పు లేకపోతే చెవి ఒగ్గి వినండి. కంప్యూటరు లేవగానే చేసే మొదటి పని తన్ను తాను పరీక్షించుకోవడం. ఇందుకు కావలసిన చిన్న ప్రోగ్రాము మదర్‌బోర్డుమీది ఒక చిప్పులో ఎప్పుడూ ఉంటుంది. లోపం కనబడితే అది కూతలు పెడుతుంది. 1981లో ఐ.బి.ఎం. కంపెనీ తన మొదటి పి.సి.ని తెచ్చినప్పుడు, ఒక్క పొట్టి కూత వినిపిస్తే అంతా క్షేమమని అర్థం. కూతల అర్థం తయారుచేసినవారిని బట్టి మారుతుంది. ఈ రోజుల్లో కొన్ని బోర్డులు కూయవు, బుల్లి దీపాలు వెలిగిస్తాయి. ఎన్ని కూతలో, పొట్టివో పొడుగువో వ్రాసుకుని, బోర్డుతో వచ్చిన పుస్తకంలో చూసుకోవాలి. (ఆ పుస్తకాన్ని పాత పేపర్లవాడికి వేసేవారిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది!)

తరచు దొరికే దొంగ ర్యామ్. అదొక సన్నని పలక. అంచున బంగారు పూత పూసిన పళ్ళుంటాయి. వాటికి దుమ్ము పట్టినా, పలక కాస్త కదిలినా పరీక్ష అక్కడే ఆగిపోతుంది. పెద్దవారు దగ్గరుండగా తీగ ఊడదీసి, ముందు పెట్టె ఇనుమును ఒకసారి తాకండి. దువ్వెనకు కాగితం ముక్కలను అంటించే విద్యుత్తు మన ఒంటిమీద ఉంటే చిప్పులకు హాని. తరువాత పలకను తీసి, పళ్ళను పొడిగుడ్డతో మెల్లగా తుడిచి, టక్కుమనేదాకా నొక్కి పెట్టండి. రెండు పలకలుంటే ఒక్కొక్కదానితోనే చూడండి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే, బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు.

తెరమీద అక్షరాలు వచ్చి, "డిస్కు కనబడలేదు" అని అర్థమిచ్చే మాట వస్తే, ఎవరైనా పెన్‌డ్రైవు మరిచిపోయారేమో చూడండి. కొన్ని కంప్యూటర్లు దానినుంచే లేవబోయి చతికిలబడతాయి. తిరిగే హార్డ్ డిస్కు టిక్కు టిక్కుమని కొట్టుకుంటూంటే వెంటనే ఆపివేయండి. మళ్ళీ మళ్ళీ వేస్తే ఉన్నదీ పోతుంది.

మా వీధిలో ఒకరింట, తాతగారు పోయిన ఏడాదికి కంప్యూటరు మొరాయించింది. ఆయన చదివిన పద్యాలు అందులో తప్ప ఇంకెక్కడా లేవు. దుకాణంవాడు చూసి, "బోర్డు పోయింది, ఇక అంతా పోయినట్టే" అన్నాడట. బోర్డు పోయిన మాట నిజమే. కాని అంతా పోవడమేమిటి? పద్యాలున్నది బోర్డులో కాదు, డిస్కులో. ఎనిమిదో తరగతి చదివే మనుమడు ఈ మాటే అడిగాడు. వాళ్ళ మేనమామ డిస్కు విప్పి వేరే కంప్యూటరుకు తగిలించేసరికి పెద్దాయన గొంతు ఖణీమని పలికింది. వంటింట్లోంచి ఇల్లాలు చేతులు తుడుచుకోకుండానే వచ్చి నిలబడింది. అయితే ఈనాటి కంప్యూటర్లలో కొన్ని డిస్కులకు రహస్యపు తాళం ఉంటుంది. దాని అంకెలు ముందే వ్రాసి దాచుకోకపోతే ఈ ఉపాయం పారదు.

ఇంకొక్క సంగతి. కంప్యూటరు లేచింది గాని ప్రతిరోజూ తేదీ తప్పు చూపుతోందా? మదర్‌బోర్డుమీద రూపాయి బిళ్ళలాంటి 3 వోల్టుల బ్యాటరీ అయిపోయిందన్నమాట. దానిమీద సాధారణంగా సి.ఆర్. 2032 అని ఉంటుంది. "ఆర్" అంటే గుండ్రనిదని. 20 అంటే అడ్డకొలత 20 మిల్లీమీటర్లు. 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. పాతది తీయగానే చంటిపిల్లలకు అందకుండా పెట్టండి. మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోవచ్చు. మరి సి.ఆర్. 2025 అని వ్రాసి ఉన్న బిళ్ళ మందం ఎంతో మీరే చెప్పండి చూద్దాం!