చెయ్యి కన్నా తాబేలు మేలు

"గీత వెంట నడిచే రోబో బండి చేశాడు మావాడు. ఇప్పుడు ఆరు మోటార్ల చెయ్యి కావాలంటున్నాడు. కొనమంటారా?" అని ఒక తండ్రిగారి ప్రశ్న.

ఇప్పుడే వద్దండి. ఆ మోటార్లన్నీ కొత్తగా కొనాలి. పాత బండికే కొత్త విద్య నేర్పమనండి. 1948–49లో బ్రిస్టల్‌లో గ్రే వాల్టర్ రెండే రెండు వాల్వులతో వెలుతురు వెతుక్కునే తాబేళ్లు చేశాడు. మీవాడు బండి ముందు రెండు ఎల్‌.డి.ఆర్‌.లు కళ్లలా అమర్చి, ఎడమ కంటిని కుడి మోటారుకు, కుడి కంటిని ఎడమ మోటారుకు కలపాలి, వెలుతురు పెరిగితే జోరూ పెరిగేలా. తిన్నగా కలిపితే తిరగదు, మధ్య ట్రాన్సిస్టర్లుండాలి. బండి దీపం వైపు పరుగెడుతుంది. ఏ కంటిని ఆ వైపు మోటారుకే కలిపితే, అదే దీపాన్ని చూసి పారిపోతుంది! ఎందుకో వాడిచేతే చెప్పించండి. చెబితే, దసరాకి ఆ చెయ్యి సంగతి ఆలోచించవచ్చు.