రాసే ముందు చదవడం నేర్పండి

పైథాన్‌లో తొలిమెట్టు సర్టిఫికెట్ కోసం మన డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థులు ఎంచుకుంటున్న పరీక్షల్లో పీసీఈపీ ఒకటి. 30 ప్రశ్నలు, 40 నిమిషాలు, ఉత్తీర్ణతకు 70 శాతం. రుసుము 59 డాలర్లు, అంటే సుమారు అయిదు వేల రూపాయలు. సగటున ప్రశ్నకు 80 సెకన్లు దక్కుతాయి. పేజీల కొద్దీ ప్రోగ్రామ్ రాయమని ఇందులో ఎవరూ అడగరు. నాలుగైదు లైన్ల కోడ్ చూపించి ఏం ప్రింట్ అవుతుందో చెప్పమంటారు, లేదా వదిలేసిన ఖాళీలో ఏది సరిపోతుందో తేల్చమంటారు. కోడ్‌ను చదివి అర్థం చేసుకోగలరా లేదా అన్నదే ఈ పరీక్ష ప్రధానంగా చూస్తుంది. మన దగ్గర దీనికి జరిగే సన్నద్ధతలో ఎక్కువ భాగం ఆ పని నేర్పడం లేదు.

ముందుగా డంప్స్ సంగతి. పాత ప్రశ్నలని చెప్పి చేతులు మారే పీడీఎఫ్‌లను వారం రోజులు బట్టీ పట్టి పరీక్షకు కూర్చోవడం మామూలైపోయింది. పరీక్ష ప్రశ్నలు బయటపెట్టబోమని అభ్యర్థి ఒప్పుకున్నాకే పరీక్ష మొదలవుతుంది కాబట్టి ఇది ఒప్పందాన్ని తప్పడమే. అది అలా ఉంచినా, ఈ పద్ధతి పనికొచ్చేది కూడా కాదు. రేంజ్‌కు 1, 10, 3 ఇస్తే లూప్ 1, 4, 7 విలువలతో మూడుసార్లు తిరుగుతుంది. అదే 10 స్థానంలో 11 పెడితే నాలుగోసారి 10 కూడా వస్తుంది. ఒక్క అంకె మారితే బట్టీ పట్టిన జవాబు తప్పవుతుంది. లూప్ ఎక్కడ ఆగుతుందో తెలిసిన విద్యార్థికి మాత్రం రెండు ప్రశ్నలూ ఒకటే.

మన విద్యార్థులు తడబడే చోట్లు కొన్ని ఉన్నాయి. చాలామంది మొదట సి నేర్చుకుని పైథాన్‌కు వస్తారు. సిలో పూర్ణాంకం 7ను 2తో భాగిస్తే 3. పైథాన్ 3లో అదే / గుర్తు 3.5 ఇస్తుంది, 3 కావాలంటే // వాడాలి. మైనస్ 7ను // తో 2 చేత భాగిస్తే మైనస్ 3 అనుకుంటారు, వచ్చేది మైనస్ 4, ఎందుకంటే పైథాన్‌లో // ఎప్పుడూ కింది పూర్ణాంకానికే దిగుతుంది. ఇన్‌పుట్‌తో తీసుకున్న 2, 3 లను కలిపితే 5 రాదు, 23 వస్తుంది. ఇన్‌పుట్ ఇచ్చేది అంకెను కాదు, స్ట్రింగ్‌ను.

అన్నిటికన్నా లోతైనది లిస్ట్ వ్యవహారం. ‘ఏ’ అనే లిస్ట్‌లో 1, 2 ఉన్నాయి. బి = ఏ అని రాసి, తర్వాత ‘బి’కి అపెండ్‌తో 3 చేర్చారు. ఇప్పుడు ‘ఏ’ని ప్రింట్ చేస్తే 1, 2, 3 మూడూ వస్తాయి. అక్కడ లిస్ట్ ఒక్కటే, దానికి పేర్లు రెండు. వేరే ప్రతి కావాలంటే స్లైస్ చేయాలి, లేదా కాపీ అడగాలి. దీన్ని సూత్రంగా కంఠస్థం చేసినవాళ్లు అదే లిస్ట్‌ను ఫంక్షన్‌లోకి పంపిన ప్రశ్నలో మళ్లీ తప్పు చేస్తారు. పేరు వేరు, ఆ పేరు చూపించే వస్తువు వేరు అన్నది కాగితం మీద గీసుకుని చూసినవాళ్లకు ఈ చిక్కు శాశ్వతంగా విడిపోతుంది. నా దృష్టిలో ఈ ఒక్క విషయం కోసం రెండు రోజులు పోయినా నష్టం లేదు.

అందుకే సన్నద్ధతకు కావలసింది ముందు తెల్లకాగితం, పెన్సిల్. ఒక్కో వేరియబుల్‌కు ఒక నిలువు వరుస, లూప్ తిరిగిన ప్రతిసారీ ఒక అడ్డు వరుస. విలువలు నింపుతూ పోయి, ఔట్‌పుట్ ముందే రాసిపెట్టి, ఆ తర్వాతే ప్రోగ్రామ్ రన్ చేయాలి. తేడా వస్తే సరిచేసి ముందుకు పోకూడదు; ఎందుకు తేడా వచ్చిందో ఒక వాక్యం రాసుకోవాలి, తెలుగులోనే రాసుకోవచ్చు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు ఇంగ్లిష్ వివరణను అప్పజెప్పడం మీద పెట్టే శ్రమంతా ఇక్కడ పెడితే చాలు. కోడ్ ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది గానీ, దాని నడకను ఏ భాషలో ఆలోచించినా ఫలితం ఒకటే.

మన ల్యాబ్‌లు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా నడుస్తున్నాయి. సీనియర్ రికార్డు చూసి ప్రోగ్రామ్, దాని కింద ఔట్‌పుట్ ఎక్కించడం, సంతకం చేయించుకోవడం, ఎక్స్‌టర్నల్ వచ్చిన రోజు పది ప్రశ్నలకు తయారుగా ఉండటం. రన్ చేయని ప్రోగ్రామ్‌కు ఔట్‌పుట్ రాసి మూడేళ్లు గడిపిన పిల్లలు డంప్స్ వెతుక్కుంటే తప్పు పూర్తిగా వాళ్లదే అనడం నాకు న్యాయంగా తోచదు.

ఇంత డబ్బు పెట్టాలా అన్న ప్రశ్న కూడా ఉంది. కూలికి వెళ్లే ఇంట్లో అయిదు వేలు చిన్న మొత్తం కాదు. ఈ స్థాయి సర్టిఫికెట్ ఒక్కదాన్నే చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. పీసీఈపీకి ఉద్దేశించిన పైథాన్ ఎసెన్షియల్స్ 1 కోర్సును సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో ఉచితంగా చదువుకోవచ్చు. ఎన్‌పీటెల్ పైథాన్ కోర్సులు కూడా ఉచితమే. సరైన ల్యాబ్ గానీ, అధ్యాపకుడు గానీ లేని చిన్న ఊరి కాలేజీ విద్యార్థికి ఇలాంటి సిలబస్ ఎంతవరకు చదవాలో హద్దు గీసి చూపిస్తుంది. ఆ మేలు రుసుము కట్టకపోయినా దక్కుతుంది.

అడిగితే కోడ్ రాసిచ్చే ఏఐ సాధనాలు ప్రతి ఫోన్‌లోకీ వచ్చాక చదవడం మరింత అవసరమైంది. అవి రాసిచ్చిన ఇరవై లైన్లలో లూప్ ఒకసారి ఎక్కువ తిరుగుతోందని పట్టుకోవలసింది మనిషే. సర్టిఫికెట్ల సంఖ్యను బ్రోషర్లలో వేసుకునే కాలేజీలు మొదటి ఏడాది వైవాను మార్చవచ్చు. విద్యార్థి రికార్డులో ఉన్న ప్రోగ్రామ్‌లోనే ఒక లైను మార్చి, కంప్యూటర్ ముట్టుకోకుండా ఔట్‌పుట్ చెప్పమని అడగాలి, సగం మార్కులు దానికే ఇవ్వాలి. కొత్త పరికరాలు కొనక్కర్లేదు, పరీక్ష వోచర్లకు ఖర్చూ లేదు. వచ్చే సెమిస్టర్ నుంచే మొదలుపెట్టవచ్చు.